పల్లవి దాటని బావగారు

మా అక్కావాళ్లింట్లో ఆరేళ్లుగా ఏ పాటా చరణం దాకా వెళ్లలేదు. పల్లవి సగంలో ఉండగానే బావగారు చెయ్యెత్తి ఆపేస్తారు.

"విన్నావా?"

ఏం వినాలో మనకు తెలీదు. మొహం మాత్రం విన్నట్టే పెడతాం.

"బాలు ఊపిరి తీసుకున్నాడోయ్!"

తీసుకోకపోతే ఎలాగండీ అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను, అక్క మొహం చూసి. ఆయన మళ్లీ మొదటికి వెళ్లి అదే ఊపిరి వినిపిస్తారు. ఈసారి కళ్లు మూసుకుని వినాలి. తర్వాత వేరే పాటలో మృదంగం ఎడమవైపు తొప్పి, ఇంకోదాంట్లో వయొలినాయన కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆయన దగ్గర వందల పాటలున్నాయి. పాటకు నలభై సెకన్ల చొప్పున అన్నీ కంఠతా వచ్చు.

బావగారు విద్యుత్ శాఖలో డి.ఇ.గా రిటైరయ్యారు. ముప్పై అయిదేళ్లు ఊళ్లకి ఊళ్లకే కరెంటిచ్చిన మనిషికి, రిటైరైన మూడో నెలలో, ఆ కరెంటు మురికిదని తెలిసింది. పగలంతా ఇరుగుపొరుగు మోటార్లూ ఏసీలూ దాన్ని ఎంగిలి చేసేస్తాయట. రాత్రి పదకొండు దాటితేగానీ పాట శుభ్రంగా రాదట. అది చాలక అపార్టుమెంటు సెల్లారు పక్క మట్టిలో తన హాలు కోసమని విడిగా ఎర్తింగు గొయ్యి తవ్వించారు. జీఐ పైపు, ఉప్పు, బొగ్గు, పైన సిమెంటు మూత. రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పోయిస్తారు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ అదేదో సమాధి అనుకుని వారం రోజులు దణ్ణం పెట్టుకున్నాడు.

స్పీకర్ల జత ఇంటికొచ్చిన రోజు అక్క అడిగింది, ఎంతయిందని. "ఆరు" అన్నారాయన. వోల్టులో ఆంపియర్లో చెప్పకుండా ఉత్త అంకె పలకకూడదని జూనియర్లను తిట్టిన నోరే అది. అక్క వేలనుకుని, ఆరు వేలా అని నెల్లాళ్లు సాధించింది. ఆయన పాపం ఆ సాధింపంతా హాయిగా భరించారు. ఆ ఓర్పు చూసే నాకు అనుమానం వచ్చింది.

కొత్త పెట్టెల మీద వెంటనే అభిప్రాయం చెప్పకూడదు. మూడు వందల గంటలు మోగాలి, అప్పటికిగానీ వాటి కీళ్లు వదులవవు. "పురిట్లో బిడ్డను చూసి ముక్కెవరిదో మూతెవరిదో తేల్చేస్తామా?" అంటారు. కాబట్టి ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి, దుప్పటి కప్పి, పదమూడు రోజులు రాత్రింబవళ్లు సన్నగా మోగించారు. బయటివాళ్లు అడిగితే చుట్టాలొచ్చారని చెప్పింది అక్క.

ఆ మూడు వందల గంటలూ గడిచాక అభిప్రాయాలు మొదలయ్యాయి. వెచ్చన, చల్లన, పొడి, తడి, పలచన, చిక్కన. వంటింట్లో చారు గురించి ఏనాడూ ఒక్క మాట అనని మనిషి! ఆంగ్లేయుల పెట్టె పెళ్లిచూపుల్లో అబ్బాయిలాంటిదట, అడిగితేగానీ మాట్లాడదు. అమెరికా పెట్టె మగపెళ్లివారి మేనమామ, గడప దాటకముందే గొంతు వినిపిస్తుంది. 1970లలో బీబీసీ వాళ్లు తమ రికార్డింగు వ్యాన్లలో ఇరుకు చోటు కోసం అడుగెత్తు పెట్టె ఒకటి తయారు చేసుకున్నారు, ఎల్ఎస్3/5ఏ అని. దాని పేరు ఎత్తేటప్పుడు బావగారు వీలైతే చెప్పులు విడుస్తారు. "దాంట్లో బేస్ ఉండదటగా?" అన్నాను ఒకసారి. "సన్న్యాసికి సంసారం లేదని దెప్పుతామా?" అన్నారు.

ఆయన ఇష్టదైవం మాత్రం పీటర్ వాకర్ 1957లో బయటికి తెచ్చిన క్వాడ్ స్పీకరు. అందులో అట్టకోనూ ఉండదు, అయస్కాంతమూ ఉండదు. రెండు చిల్లుల పలకల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర, దానికి వేల వోల్టులు. అంతే, పొర కంపిస్తుంది, పాట వస్తుంది. బెంగుళూరులో ఎవరింట్లోనో దర్శనం చేసుకుని వచ్చారు. "మా సర్వీసంతా వోల్టేజి ఫ్యూజులు ఎగరగొట్టడమే చూశానోయ్. అది పాడగా చూసింది అక్కడే" అన్నారు. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆయన గొంతులో డాబు లేదు.

తన స్తోమతుకు అందని పెట్టెల సంగతి మరీ ఇష్టంగా చెబుతారు. అమెరికాలో యూటా రాష్ట్రం విల్సన్ ఆడియో వాళ్లు డెబ్భై జతలే చేస్తామని ఒకటి విడుదల చేశారు. జత 6,85,000 డాలర్లు, అప్పటి లెక్కన నాలుగు కోట్ల పైమాటే. "ఆ ధరకి అది న్యాయమే" అని బావగారి తీర్పు, ఆ న్యాయానికి తనే పెద్దమనిషిగా కూర్చున్నట్టు. బవర్స్ అండ్ విల్కిన్స్ వాళ్ల ఖరీదైన పెట్టెల్లో ట్వీటరు గుబ్బ వజ్రంతో చేస్తారని చెప్పిన రోజు మాత్రం తొందరపడ్డారు. వంటింట్లోంచి అక్క వచ్చింది. "నా ముక్కుపుడకలో రాయి ఊడి నాలుగేళ్లయింది" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఒక్క విషయంలో ఆయన వైపే ఉంటాను. పెట్టె ఎంత గొప్పదైనా మన చెవికి చేరేది గది కలిపి వండిన వంట. 34 హెర్ట్‌జ్ స్వరానికి తరంగం పొడవు పది మీటర్లు. వాళ్ల హాలు నాలుగున్నర. మూలకు నెడితే బేస్ ఉబ్బుతుంది, ముందుకు లాగితే దారికి అడ్డం. అందుకని సోఫా బాల్కనీలోకి పోయింది. పెట్టెల కింద కడప రాయి పలకలు, ఆ పలకల మీద మేకుల కాళ్లు. ఆయన కుర్చీ ఎక్కడ ఉండాలో నేలమీద నాలుగు సుద్ద గుర్తులు. తడిగుడ్డ పెట్టి పనమ్మాయి అవి తుడిచేసిన రోజు ఆయన అన్నం తినలేదు. గోడమీద వెంకటేశ్వరస్వామి పటం అద్దం శబ్దాన్ని తిప్పికొడుతోందని, ఆయన్ని కూడా కదపబోయారు. అక్క ఒప్పుకోలేదు. స్వామి ఉన్నచోటే ఉన్నాడు. పై స్థాయిలో కాస్త కరుకుదనం కూడా ఉంది.

కిందటి సంక్రాంతికి వాళ్లమ్మాయి వచ్చింది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనేవాళ్లు ఒక పరీక్ష పెట్టారని చెప్పింది. అవే స్పీకర్లు, వినేవాళ్లూ వాళ్లే. తెర చాటునుంచి విన్నప్పుడు వేసిన మార్కులు పెట్టెలు కళ్లబడగానే మారిపోయాయి. చిన్న ప్లాస్టిక్ పెట్టె పరువు ఠక్కున పడిపోయింది. "మనమూ పెడదాం నాన్నా. నా పాత స్పీకర్లూ, మీ ఆరూ" అంది.

బావగారు సంతోషంగా ఒప్పుకున్నారు. దుప్పటి తెచ్చాం. మందం ఎక్కువ, ట్వీటరు గొంతు నొక్కేస్తుందన్నారు. మంగళగిరి నేత చీర తెచ్చాం. నేత బిగువన్నారు. ఉప్పాడ చీర ఎత్తి లైటుకి అడ్డం పెట్టి చూసి, జరీలో లోహం ఉంటుంది కదా అన్నారు. ఏ గుడ్డలోంచి శబ్దం ఎంత పోతుందో గంటన్నర ఉపన్యాసం. చివరికి అక్క పెళ్లినాటి గద్వాల చీర దగ్గర రాజీ కుదిరింది. అది కట్టే లోపల చెయ్యి జారి, కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా పెట్టెల వెనక గోడ మేకుకి వేలాడింది. అప్పుడే ఏదో వీణ మోగుతోంది.

బావగారు చెయ్యెత్తారు. "ఎవరూ కదలకండి."

పరీక్ష అక్కడితో సరి. ఆ వీణ అంత కుదురుగా ఆ గదిలో ఎన్నడూ నిలబడలేదట. పలచటి చీర అంత పని చేస్తుందని నేననుకోను. ఆ మాట అనే ధైర్యమూ లేదు. ఆనాటినుంచి గద్వాల చీర గోడమీదే.

మొన్న మాఘమాసంలో చుట్టాల పెళ్లికని అక్క దాన్ని గోడమీంచి తీసి, ఇస్త్రీ చేయించి, కట్టుకుంది. మేం ఫంక్షన్ హాల్లో కూర్చున్న పావుగంటకే ఫోను. "ఎప్పుడొస్తావు?" అన్నారు బావగారు. అక్క మొహం ఎర్రబడింది, పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లకి.

"ఇప్పుడేగా వచ్చాం, ఏం?"

"వీణ చెదిరిపోతోందే" అన్నారు. తర్వాత కాసేపు నిశ్శబ్దం. మా వెనక స్తంభానికి కట్టిన మైకుసెట్టు హారన్లోంచి నాదస్వరం అదిరిపోతోంది. ఫోన్లోంచి ఆయన గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి నెమ్మదిగా.

"ఆ హారను ఎవరిదో కనుక్కో. మిడ్ భలే ఉంది."