పడిపోయిన మంత్రివర్గం, పడిపోని మంత్రిగారు

ఐదేళ్లూ నిండా మంత్రిగిరీ వెలగబెట్టినవాడు కుర్చీ దిగిన మర్నాటి నుంచే మామూలు మనిషైపోతాడు. నెలో రెండు నెలలో కూర్చున్నవాడు మాత్రం పోయేదాకా మంత్రిగారే. వినడానికి తిరకాసుగా ఉన్నా దీనికో లెక్క ఉంది. ఐదేళ్లవాడు వేయించిన రోడ్డు ఎక్కడ గోతులు పడిందో జనానికి తెలుసు. ఎవరికి ఉద్యోగం వేయించాడో, ఎవరిని తిప్పి తిప్పి ఉత్త చేతులతో పంపాడో కూడా తెలుసు. నెలవాడి ఖాతాలో జమా లేదు, ఖర్చూ లేదు. గడువే లేనివాణ్ణి ఏం చేశావని ఎవరడుగుతారు? అందుకని ఆయన చెయ్యబోయిన పనులే చేసిన పనుల కింద చెలామణీ అవుతాయి. చెయ్యబోయిన పనులకి మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి మొదలు విజయనగరం మూడు లాంతర్ల దాకా ఈ జాతిని గుర్తుపట్టడం కష్టం కాదు. లెటర్‌హెడ్ చూస్తే చాలు. పేరు కింద 'మంత్రివర్యులు' అని పండుమిరపకాయ రంగులో లావుపాటి అక్షరాలుంటాయి. వాటి ముందు చీమ తలకాయంత 'మాజీ'. కళ్లజోడు మర్చిపోయి వచ్చినవాడికి ఆ ప్రభుత్వం ఇంకా పడిపోనట్టే లెక్క. శుభలేఖలో హోదా వెయ్యకపోతే పెళ్లికి వచ్చి అక్షింతలు వేస్తారు గాని విస్తరి దగ్గర కూర్చోరు. రథసప్తమినాడు అరసవల్లిలో లైన్లో నిలబడరు. సిరిమాను తిరిగేరోజు ముందు వరస కుర్చీ తనదే అనుకుంటారు. ఇక ఉత్తరాంధ్రలో నానుతున్న పని ఏది ఎత్తినా సరే, జంఝావతి కానివ్వండి, వంశధార నీళ్లందని ఆఖరి ఎకరం కానివ్వండి, ఆ ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చే ఉంటుంది. ఆయన పెన్ను మూత తీసే ఉంటారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం పడిపోయి ఉంటుంది. "ఒక్క సంతకం బాబూ, ఒకే ఒక్క సంతకం" అంటూ చూపుడువేలితో గాలిలో ఆ సంతకం చేసి చూపిస్తారు. చివరి పొల్లు కూడా వదలరు, కింద గీత కూడా గీస్తారు. మొదట నవ్వొస్తుంది గాని, ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పాపం అనిపిస్తుంది.

ఇలాంటివాళ్లు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారంటే, మన రాష్ట్ర చరిత్రే వాళ్ల పురిటిగది. 1978 నుంచి 1983 దాకా ఒకే శాసనసభ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. అంజయ్యగారి మంత్రివర్గమైతే 60 తలలు దాటి, జంబో అనే పేరు తెచ్చుకుంది. ముఖ్యమంత్రి మారినప్పుడల్లా ఒక బండెడు మాజీలు దిగారు. ఆ తర్వాత 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కారు. ఈలోగా గవర్నరే మారిపోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలు కర్ణాటకలో శిబిరం వేసుకుని కూర్చుంటే, ఇక్కడ కొత్త మంత్రులకి శాఖ లెక్కలకన్నా తలల లెక్కే పెద్దదైపోయింది. 31 రోజుల్లో ఫైలు చదివే తీరిక ఎవరికుంటుంది? అయినా హోదాకి మాత్రం ఆ 31 రోజులూ చాలు. ఉత్తరప్రదేశ్‌లో జగదంబికా పాల్‌ని 1998 నుంచి ఒక్కరోజు ముఖ్యమంత్రి అనే తలుచుకుంటున్నారు. పదవి ఎంత చిన్నదైతే జ్ఞాపకం అంత గట్టిది.

కొద్దికాలం వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని ఎవరైనా అనొచ్చు. ప్రకాశం పంతులుగారి ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం 1953 అక్టోబరు 1 నుంచి 13 నెలలే నిలిచింది, మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ కొద్దికాలంలోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిశాయి కదా! నిజమే. మన బారువ గౌతు లచ్చన్నగారిని చూడండి. అదే మంత్రివర్గంలో కొన్నాళ్లు ఉండి, గీత కార్మికుల పక్షాన ఆ ప్రభుత్వం మీదే తిరగబడ్డారు. అయితే ఈ ఇద్దరినీ జనం ఏమని పిలుస్తారో గమనించండి. ఒకరు ఆంధ్రకేసరి, ఒకరు సర్దార్. మాజీ అనే మాట ఇద్దరికీ అంటలేదు. పని చేసినవాడికి జనం వేరే పేరు పెడతారు. అలాంటి పేరు దొరకనివాడే పాత హోదాని ఇస్త్రీ చేసుకుని తొడుక్కుంటాడు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదాన్ని పడగొట్టకపోగా దానికి గుంజ పాతింది.

పోనీ, ఆ పాత హోదావల్ల ఎవరికి నష్టం అంటే, ఎవరికీ లేదు. పైగా కాస్త లాభమే. ఊళ్లో ముసలమ్మకి పెద్దాసుపత్రిలో మంచం దొరకనప్పుడు ఆ మిరపపండు లెటర్‌హెడ్డే పనికొస్తుంది. 'మాజీ' చదివే ఓపిక లేని గుమాస్తా లేచి నిలబడతాడు. మాజీ మంత్రిగారు కూడా కాదనరు, అర్ధరాత్రి తలుపు కొట్టినా రాసిస్తారు. అసలు ఈ జబ్బు ఆయన ఒక్కరిదే అయితే కదా! మన పల్లెల్లో ఒక్కసారి సర్పంచి అయినవాడు కాటికెళ్లేదాకా ప్రెసిడెంటుగారే, ఆయన భార్య ప్రెసిడెంటమ్మే. రిటైరై ముప్ఫయ్యేళ్లైన హెడ్మాస్టారు ఈనాటికీ హెడ్మాస్టారే. ఏదో సాహితీ సంఘానికి ఒక ఏడాది కార్యదర్శిగా ఉండి, పేరు కింద 'పూర్వ కార్యదర్శి' అని వేసుకునే రాతగాళ్లున్నారు, ఇది రాస్తున్న చెయ్యి కూడా ఆ కోవలోదే. అందుచేత దారిలో ఆయన ఎదురైతే "నమస్కారం మంత్రిగారూ" అనండి, ఖర్చు లేని పని. ఫైలు సంగతి మాత్రం ఎత్తకండి.