ఓపీ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "ఓపీ ఫీజు ముందుగా చెల్లించవలెను. చీటీ ఏడు రోజులు మాత్రమే చెల్లును. రిపోర్టులు చూపుటకు ఫీజు లేదు."

అవతారిక: ఖమ్మం వైరా రోడ్డులోనైనా, భద్రాచలంలోనైనా ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కినవారి చేతికి మొదట వచ్చే గ్రంథం ఇదే. కర్త తెలియదు. ఏ ఆస్పత్రి పాఠం ఆ ఆస్పత్రిదే. కొన్ని ప్రతుల్లో ఏడుకు బదులు పది అనీ, పదిహేను అనీ పాఠాంతరాలున్నాయి. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడే. కాళిదాసుకు ఆయన చేసిన ఉపకారం ఈ చీటీకీ ఎవరో ఒకరు చేయాలి. కాళిదాసు అర్థం కాకపోతే రసం పోతుంది. ఇది అర్థం కాకపోతే రొక్కం పోతుంది.

ప్రతిపదార్థం: ఓపీ ఫీజు = డాక్టరుగారి చూపునకు వెల; ముందుగా = ఆ చూపు మనమీద పడకమునుపే; చెల్లించవలెను = కౌంటరులో రొక్కముగా గాని ఫోన్‌పేలో గాని సమర్పించవలెను; చీటీ = పేరు, వయసు, బరువు, బీపీ రాసిన కాగితము; ఏడు రోజులు = చీటీ రాయించిన దినముతో కలిపి ఏడు దినములు; మాత్రమే = ఎనిమిదవనాడు రోగము అదే అయినను చీటీ వేరు; రిపోర్టులు = రక్తము, మూత్రము, ఎక్స్‌రే, స్కానింగు మున్నగువానివి; చూపుటకు = అదే డాక్టరునకు, అదే గడువులో; ఫీజు లేదు = ల్యాబు కౌంటరులో ఇదివరకే కట్టితివి అని ధ్వని.

విశేషం: ఈ ధ్వనిలోనే గ్రంథమంతా ఉంది. మొదటిసారి డాక్టరు నొప్పి ఎక్కడో వింటాడు, నాలుగు పరీక్షలు రాస్తాడు. రెండోసారి ఆ కాగితాలు ముందు పెట్టుకుని మందుతో తగ్గేదా, ఆపరేషన్ కావాలా, హైదరాబాదు పంపాలా అని తేల్చాలి. అంటే ఆలోచన అంతా రెండోసారే. ఆ ఆలోచనకే వెల సున్నా అంటున్నది మూలం. పగలు తినని దేవదత్తుడు లావెక్కుతున్నాడంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు అర్థాపత్తి చెబుతారు. ఆ లెక్కన, చూడ్డానికి డబ్బు రాకపోయినా ఆస్పత్రి నడుస్తున్నదంటే ఆ డబ్బు ఇంకెక్కడో వస్తున్నదనే కదా. ఈ టీకాకారుడి సిద్ధాంతం ఇంతే: డాక్టరు చూపుకూ ఆలోచనకూ సరైన వెల కట్టి ఇచ్చేవారు లేరు, అందుకే ఆ సొమ్మును పరీక్షల మీదా పడకల మీదా రాబడుతున్నారు. కౌంటరు దగ్గర జరిగే తగాదాల్లో చాలాభాగం ఫీజు ఎక్కువైనందుకు కాదు, అది చోటు మారినందుకు.

దీనికి ప్రమాణం ప్రభుత్వ పథకాలే. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీలో కార్డుతో వచ్చినవారికి జాబితాలోని జబ్బు ఉందో లేదో నెట్‌వర్క్ ఆస్పత్రి ఉచితంగా చూడాలి. ఉంటే ప్యాకేజీ మంజూరవుతుంది. పరీక్షలు, మందులు, భోజనం, దారిఖర్చు అన్నీ అందులోనే. లేకపోతే చూసినందుకు పైసా రాదు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా ఓపీని తన లెక్కలోకి రానివ్వలేదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది గానీ, డాక్టరు కుర్చీలో కూర్చుని చెప్పే మాటకు అందులో వాటా దక్కలేదు. పడుకున్న రోగికే డబ్బొచ్చే చోట కూర్చున్న రోగిని పడుకోబెట్టాలన్న కోరిక పుట్టడం సహజం. అది ముదిరితే నేరమవుతుంది. 2024లో ముఖ్యమంత్రి సహాయనిధికి దొంగ బిల్లులు పెట్టారని సీఐడీ కేసులు పెట్టినప్పుడు ఆ ఆస్పత్రుల్లో ఖమ్మం జిల్లావీ ఉన్నాయి.

చూపుకు వెల కట్టినంత మాత్రాన తగాదా తీరదని అమెరికా చెబుతుంది. అరవై అయిదేళ్లు నిండినవారికి అక్కడి మెడికేర్ డాక్టరు చూసిన ప్రతిసారీ డబ్బు కడుతుంది. పాత రోగిని చూసినందుకు 99211 నుంచి 99215 దాకా బిల్లు కోడ్‌లతో అయిదు మెట్లు. మెట్టు పెరిగితే సొమ్ము పెరుగుతుంది. 1995, 1997 నాటి నిబంధనలు ఎన్ని ప్రశ్నలడిగారు, ఒంట్లో ఎన్ని భాగాలు చూశారు అని లెక్కపెట్టమన్నాయి. దాంతో డాక్టర్లు రోగిని వదిలి రాతను పెంచారు. 2021లో ఆ లెక్క ఎత్తేసి, వెచ్చించిన సమయాన్నో తీసుకున్న నిర్ణయం బరువునో కొలత చేశారు. ఒకే రోగిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే డాక్టరుకు 2024 నుంచి అదనంగా ఇస్తామంటే, మొత్తం పద్దు పెరగకూడదన్న చట్టం వల్ల తమ వాటా తెగుతుందని శస్త్రవైద్యులు అడ్డం తిరిగారు. అక్కడ రాతకు డబ్బు గనుక రాత పెరిగింది, ఇక్కడ పరీక్షకు డబ్బు గనుక పరీక్ష పెరిగింది. అయితే ఒక తేడా ఉంది. అక్కడి తగాదా కట్టేవాడికీ డాక్టరుకూ మధ్య, రాసిపెట్టిన నిబంధన మీద జరుగుతుంది. ఇక్కడ జ్వరంతో నిలబడ్డ మనిషి కౌంటరు దగ్గర ఒంటరిగా పడాలి.

పూర్వపక్షం ఒకటి: కొత్తగూడెం సింగరేణి ఆస్పత్రిలో డాక్టరుకు జీతం, కార్మికుడికి వైద్యం ఉచితం, ఫీజు ప్రసక్తే లేదు, అందరికీ అదే చేయరాదా? చేయవచ్చు. కానీ జీతం ఇచ్చిన చోట తగాదా క్యూ దగ్గరికీ, హైదరాబాదుకు రాసే రిఫరల్ దగ్గరికీ చేరుతుంది. పైగా ప్రైవేటు గుమ్మం ముందు నిలబడ్డవారికి ఆ జవాబు అక్కరకు రాదు. పూర్వపక్షం రెండు: ప్రభుత్వ ఆస్పత్రి ఉచితమే కదా, 2021లో ఖమ్మం, కొత్తగూడెంలతో సహా 19 జిల్లాల్లో ఉచిత పరీక్షా కేంద్రాలూ వచ్చాయి కదా? వచ్చాయి, మేలే చేశాయి. కానీ రిపోర్టు ఫోనుకు వచ్చినంత మాత్రాన జబ్బు తేలదు. దాన్ని చదివి చెప్పే మనిషి కావాలి, ఆ మనిషికి తీరిక కావాలి. పూర్వపక్షం మూడు, అన్నిటికన్నా గట్టిది: చూపుకు ధర పెంచితే అదీ పుచ్చుకుని పరీక్షలూ రాస్తారు. నిజమే. అందుకే ధరతోపాటు కట్టేవాడు కూడా మారాలి. ఫీజు బోర్డు మీద రాయాలనీ, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వరాదు, పుచ్చుకోరాదనీ 2002 నాటి వైద్యమండలి నియమావళి ఎప్పుడో చెప్పింది. అయినా రోగిని పంపే ఊరి ఆర్‌ఎంపీకి వాటా ముట్టడం ఆగలేదు. రోగి ఒక్కడే ఆ లెక్క అడగలేడు. వేల చీటీలకు డబ్బు కట్టే ఆరోగ్యశ్రీ ట్రస్టు అడగగలదు.

అడవి అంచున ఈ మాటకు బరువెక్కువ. చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో భద్రాచలం వచ్చి, అక్కణ్ణుంచి దాదాపు 120 కిలోమీటర్లు దాటి ఖమ్మం చేరేవారికి ఏడు రోజుల గడువంటే మరోసారి బస్సు ఛార్జీ, మరోనాటి కూలీ. ఎటపాక వాసికైతే 2014 విభజన తర్వాత కార్డు ఒక రాష్ట్రానిది, పక్కనే ఉన్న భద్రాచలం ఆస్పత్రి ఇంకో రాష్ట్రానిది. ఏ ట్రస్టు కడుతుందన్న ప్రశ్న డాక్టరు కంటే ముందు ఎదురవుతుంది. కోయ బిడ్డకు సికిల్‌సెల్ అని తేలితే, అది తల్లిదండ్రులిద్దరి నుంచీ ఎలా వచ్చిందో, జ్వరమొస్తే ఎందుకు ఆగకూడదో, రేపు పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఏ పరీక్ష చేయించాలో ఆ ఇంటివారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. దానికి సూది అక్కర్లేదు, పడక అక్కర్లేదు, అరగంట కావాలి. ఏ ప్యాకేజీలోనూ ఆ అరగంటకు పేరు లేదు.

తాత్పర్యం: డాక్టరు చూపునకు వెల ఉన్నది, లేదని రాసినంత మాత్రాన అది పోదు, ల్యాబు బిల్లులో తేలును. కావున ఆరోగ్యశ్రీ జాబితాలో ఓపీని చేర్చి, సమయమును బట్టియు నిర్ణయమును బట్టియు రెండు మూడు మెట్లకు మించకుండ ధర కట్టి, రిపోర్టులు చూచు రెండవసారికిని వెల ఇచ్చి, ల్యాబు పద్దును వేరుచేసి తనిఖీ చేయవలెను. అట్లు కట్టిన సొమ్మును వేళకు విడుదల చేయవలెను. బకాయిల కోసము 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన సంగతి మరువరాదు. ధర కట్టి డబ్బు కట్టని పథకము, "ముందుగా చెల్లించవలెను" అను వాక్యమును మరల రోగి మెడకే చుట్టునని భావము.