గరిక చెప్పుకున్న కథ

గరికకు ‘నేను’ అనుకోవడం తెలియదు. కణుపు నేలను తాకిన చోటల్లా వేరు దిగుతుంది, అక్కడి నుంచి ఇంకో తీగ బయల్దేరుతుంది. ఏది తల్లో ఏది పిల్లో తేల్చడం దానికే సాధ్యం కాదు. అందుకే ఈ ఆత్మకథలో అది తనను గరిక అనే పిలుచుకుంటుంది.

సిద్దిపేటలో, కోమటి చెరువు కట్టకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఇంటి ముందు అది ఉంటుంది. ఇల్లు లేవకముందు అక్కడ చెల్క ఉండేది. నాగలి వచ్చినప్పుడల్లా ముక్కలై, ప్రతి ముక్కా మళ్లీ మొలిచి, రైతు చేత తిట్లు తిన్న జాతి అది. గోడలు లేచాక అదే గరిక వాకిలికి పచ్చదనమైంది. నర్సరీ నుంచి కొరియన్ గడ్డో మెక్సికన్ గడ్డో తెచ్చి పరుద్దామని కొడుకు అంటే ఇంటి పెద్దావిడ బాపమ్మ ఒప్పుకోలేదు. వినాయక చవితి నాడు 21 రకాల పత్రిలో గరిక ఉండాలి. “ఇంటి ముంగట ఉండంగ బజార్ల కొనుడేంది?” అన్నదామె.

తర్వాత చుక్కి వచ్చింది. వానలో తడుస్తుంటే మనవరాలు ఎత్తుకొచ్చిన నాటు కుక్కపిల్ల, నుదుటి మీద తెల్ల మచ్చ. ఏడాది తిరిగేసరికి వాకిలి నిండా పళ్లెమంత ఎండు మచ్చలు పడ్డాయి. ఒక్కో మచ్చ చుట్టూ మాత్రం గరిక ముదురాకుపచ్చగా, మిగతా వాటికంటే ఏపుగా లేచింది.

ఆ పచ్చటి అంచులోనే జబ్బు గుట్టు ఉంది. కుక్క తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని చివరికి యూరియాగా మూత్రంలో బయటికి పోతుంది. చేలో యూరియా పలచగా చల్లితే పైరు నల్లబడి పెరుగుతుంది, అదే గుప్పెడు ఒక్క మొదట్లో పడితే ఆ మొక్క మాడిపోతుంది. మచ్చ నడుమ ఎరువు మోతాదు మించింది, అంచున సరిపోయింది. మగ కుక్క కాలెత్తి గోడకింత, స్తంభానికింత పోసి సాగిపోతుంది. ఆడ కుక్క, కుక్కపిల్ల కూర్చుని ఒక్క చోటే పోస్తాయి. తేడా అంతే, ఆడదాని మూత్రంలో ప్రత్యేకమైన విషమేదీ లేదు.

పక్కింటివాళ్లు టమాటా రసం తాగించమన్నారు. మూత్రంలో పులుపు తగ్గితే గడ్డి బతుకుతుందని వాళ్ల నమ్మకం. 1981లో అమెరికాలో అల్లార్డ్ అనే పశువైద్యుడు నాలుగు రకాల గడ్డి మీద కుక్క మూత్రం పోసి పరీక్షించాడు. మాడ్చేది పులుపు కాదని, నత్రజని చిక్కదనం, పోసిన పరిమాణమేనని తేలింది. ఫెస్క్యూ, రై గడ్డి తట్టుకున్నాయి. బ్లూగ్రాస్, బెర్ముడా గడ్డి తొందరగా కాలిపోయాయి. ఆ దేశంవాళ్లు బెర్ముడా అని పిలిచేది ఈ గరికనే. తన ఒంటి మీద పడిన దెబ్బకు సాక్ష్యం అంత దూరాన దొరికినందుకు గరికకు ఊరటగానే ఉంది.

మందు బిందెడు నీళ్లే. చుక్కి కూర్చుని లేచిన వెంటనే, పోసినదానికి కనీసం మూడింతల నీళ్లు ఆ చోట గుమ్మరిస్తే విషం కావలసినది ఎరువవుతుంది. పొద్దున పోసినదానికి సాయంత్రం పోస్తే పెద్దగా లాభం లేదు. కుక్క గిన్నెలో కూడా ఎప్పుడూ నీళ్లుండాలి, బాగా తాగిన కుక్క మూత్రం పలచన.

అయితే రోజుకు అన్నిసార్లు బిందె పట్టుకుని వెంట తిరిగేదెవరు? కొడుకు విసిగి గొలుసు తెచ్చాడు. రెండు రోజులు చుక్కి గేటు దగ్గర ఏడ్చింది. గరిక దీన్ని దాచుకోదు: మచ్చలు పడ్డ నాడు కూడా దానికి అంత బాధ కలగలేదు. కుక్కను ఎప్పుడూ కట్టేసి, తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని పశువుల డాక్టర్ చెబితే గొలుసు అటకెక్కింది.

దారి చూపింది వేప చెట్టు. దాని కింద గరిక ఏనాడూ సరిగా బతకలేదు, నిండు ఎండ లేకపోతే అది పీలగా మిగులుతుంది. చుక్కికి కావలసింది ఆ నీడే. కుక్కకు ఒంటి నిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ వేడి దించుకుంటుంది. మే నెలలో 42 డిగ్రీలు దాటితే పైమట్టి గోకి, చల్లటి అడుగు మట్టిలో పొట్ట ఆనించి పడుకుంటుంది. తడిపిన వాకిలి చల్లగా తగిలేది కాబట్టే ఇన్నాళ్లూ అక్కడ గుంతలు తవ్వింది. గోడ వార తవ్విన గుంతలకు కారణం వేరు. అక్కడ పందికొక్కు కలుగుంది. కలుగు పూడ్చాక ఆ తవ్వకం ఆగింది.

వేప కింద రెండు తట్టల ఇసుక పోశారు. చుక్కి మూత్రంతో తడిసిన మట్టి కొంచెం తెచ్చి అందులో కలిపారు, ఆ వాసనకు చోటు గుర్తుపడుతుందని. మనవరాలు పొద్దున లేవగానే, తిన్నాక, పడుకునే ముందు దాన్ని అక్కడికే తీసుకెళ్లింది. పని కాగానే, ఇంట్లోకి వచ్చాక కాదు, అక్కడికక్కడే బెల్లం ముక్కంత ఉడికిన కోడిమాంసం పెట్టింది. తప్పు చోట పోసినా కొట్టలేదు. కొడితే కుక్కకు మనిషి ముందు పోయకూడదన్న భయమే మిగులుతుంది, చోటు అర్థం కాదు. మూడు వారాలకు చుక్కి తానే వేప కిందికి నడిచింది. గేటు నుంచి గుమ్మం దాకా అది పరుగెత్తి గట్టిపరిచిన బాటలో గరిక మళ్లీ మొలవలేదు, అక్కడ షాబాదు బండలు పరిచారు.

ఒక గండం మాత్రం తృటిలో తప్పింది. మచ్చలకు బలమని కొడుకు ఆముదపు పిండి తెచ్చాడు. నూనె తీశాక కూడా ఆముదం గింజలోని రైసిన్ విషం పిండిలోనే ఉండిపోతుంది. ఆ వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి, ప్రాణాలు పోతాయి. డాక్టర్ చెప్పగానే బస్తా వెనక్కి పంపి వేపపిండి చల్లారు.

ఎండు మచ్చల్ని గీకి, నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, గుప్పెడు ఎర్రమట్టి పోశారు. పైన మాడినా మట్టి లోపలి తీగ చావలేదు. తొలకరి పడ్డాక అంచుల నుంచి నడుమకు కణుపు కణుపుగా పాకింది.

చవితి పొద్దున బాపమ్మ ఇత్తడి పళ్లెంతో వచ్చింది. తులసి గద్దె చుట్టూ కట్టిన రెండడుగుల జాలి లోపల గరిక మోకాలెత్తు లేచి ఉంది. ఆమె కొసలు గిల్లుతుంటే చుక్కి ఇసుకలోంచి తల ఎత్తి చూసింది. “పండుకోవే, నీ జాగల నువ్వు పండుకో” అన్నది బాపమ్మ. చుక్కి మళ్లీ తల వాల్చింది.