బటన్ మాది, బూట్ మీది

అయ్యా అప్‌డేటర్ గారూ, ప్రింటర్ హెల్పర్ గారూ, గేమ్ లాంచర్ బాబుగారూ, తమందరికీ వెయ్యి దండాలు! కంప్యూటర్ కొన్నది మేము. కరెంటు బిల్లు కట్టేది మేము. పొద్దున్నే బటన్ నొక్కేదీ మేమే. లోపలికి ముందు పోయేది మాత్రం తమరు. తమది వీఐపీ బ్రేక్ దర్శనం, మాది సర్వదర్శనం. స్క్రీన్ మీద గిర్రున తిరిగే చుక్కల్ని చూస్తూ క్యూలో నిలబడడమే మా ప్రాప్తం.

అందరిలోకీ ప్రింటర్ హెల్పర్ గారిది మరీ విడ్డూరం. మేం ప్రింటు తీసేది ఏ పండక్కో పబ్బానికో, ఆయన డ్యూటీ మాత్రం రోజూ. ఇంకు అయిపోతోందని ఆయనకు ఒకటే బెంగ. ఆ ఇంకు అమ్మేదెవరో మేం అడగకూడదు. ఇక పీడీఎఫ్ ప్రోగ్రాం గారు, ఎప్పుడో తెరిచే ఫైలు చటుక్కున తెరుచుకోవాలని తెల్లారకముందే మెమరీలో పీట వేసుకుంటారు. వచ్చినవాళ్లంతా మా వేగం కోసమే వచ్చారట. అందుకే ఏదీ కదలదు.

పోనీ, ఆపుదామంటే దారి లేకపోలేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ పెట్టారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి ఆ ట్యాబ్ తెరిస్తే తమరి జాబితా ప్రత్యక్షం. ఎవరి బరువెంతో మార్కులు కూడా వేస్తారు. లేస్తూనే 1 సెకనుకు మించి ప్రాసెసర్‌ను వాడినా, 3 ఎంబీకి మించి డిస్కును కదిలించినా ‘హై’. కొందరి ఎదుట మాత్రం ‘కొలవలేదు’ అని ఉంటుంది. కొలతకు అందకపోవడం కూడా ఒక హోదాయే!

అక్కడ డిసేబుల్ కొట్టి మీసం మెలేసేవారికి ఓ ముక్క. సిఫార్సు లేఖ చెల్లే కౌంటర్లు ఇంకా చాలా ఉన్నాయి. రిజిస్ట్రీ, టాస్క్ షెడ్యూలర్, సర్వీసులు. సర్వీసులకైతే విండోస్ విస్టా నాటి నుంచీ ‘ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్’ అనే మర్యాద ఒకటుంది. మిగతావాళ్లు లేచాక, మామూలుగా 2 నిమిషాలు ఆగి రమ్మని. ఆగేదెవరు? ప్రతివాడూ తానే ముఖ్యుణ్నంటాడు. (కోపం కొద్దీ కనబడ్డ సర్వీసునల్లా ఆపేయకండి. ఆడియో సర్వీసును మీరే ఆపేసి స్పీకర్లను తిట్టుకోవాల్సొస్తుంది.)

ఈ కౌంటర్లన్నిటినీ ఒక్కచోట బయటపెట్టే ఉచిత పరికరం ఆటోరన్స్. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేసింది. వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ సైట్‌ను మైక్రోసాఫ్ట్ 2006లోనే కొనేసింది. అయినా ఆటోరన్స్‌ను విండోస్‌తో కలిపి ఇవ్వదు, కావలసినవాళ్లే వెతికి దించుకోవాలి. ఎడ్జ్ బ్రౌజర్‌కు మాత్రం ‘స్టార్టప్ బూస్ట్’ కలిపే ఇస్తుంది. మనం తెరవకముందే అది వెనకాల సిద్ధంగా కూర్చోవడానికి. దేవస్థానం వారి బంధువుకు సిఫార్సు లేఖ దేనికి?

అప్‌డేటర్ గారూ, తమర్ని నిన్న ఆపేశాం. ఈసారి కొత్త వర్షన్‌తో, కొత్త పేరుతో తిరిగి వేంచేస్తారని తెలుసు. అందులో కొత్తేముందని అడిగితే ‘కొన్ని లోపాలు సవరించాం’ అంటారు. ఆ లోపాల్లో తమరి పేరు ఎప్పుడు చేరుస్తారండీ?