బోర్డెక్కిన బిజినెస్ లాయరు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇప్పుడు మామూలు వకీలు దొరకడం కష్టమైపోయింది. ఫోన్ తెరిస్తే అందరూ బిజినెస్ అండ్ కమర్షియల్ లాయర్లే. చేతులు కట్టుకున్న ఫొటో, వెనక లావుపాటి పుస్తకాల బీరువా, కింద విలీనాలు, మేధో హక్కులు, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్. కోదాడ దాటితే ఆంధ్ర సరిహద్దు వస్తుంది. అంతర్జాతీయానికి ఆ మాత్రం చాలు కాబోలు.

ఈ జాతికి వేరే డిగ్రీ లేదు, వేరే లైసెన్సూ లేదు. కోళ్ల దొంగ తరఫున వాదించినా కంపెనీ తరఫున వాదించినా అదే ఎల్‌ఎల్‌బీ, 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద అదే నమోదు. పైగా బార్ కౌన్సిల్ 47వ నియమం ప్రకారం వకీలు సొంతంగా వ్యాపారం చేయకూడదు. బిజినెస్ లాయరుకు నిషిద్ధమైనది బిజినెస్సే.

ప్రచారమూ నిషిద్ధమే. ఫలానా పనిలో నిపుణుణ్నని బోర్డు మీద రాసుకోకూడదని 36వ నియమం. 2008లో వెబ్‌సైటులో పేరు, చిరునామా, చదువు, పనిచేసే రంగాలు పెట్టుకోనిచ్చారు. ఆ సందులోంచి ఫ్లెక్సీ, రీలు, నక్షత్రాల రేటింగు అన్నీ దూరాయి.

వీటన్నిటిలో మణిపూస వెబ్‌సైటు గుమ్మంలో అడ్డుపడే ఒప్పుకోలు. ‘ఇది ప్రకటన కాదు, ఎవరూ నన్ను పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను’ అని పాఠకుడు బటన్ నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. అతన్ని అక్కడికి తోలుకొచ్చింది డబ్బు కట్టి వేయించిన ప్రకటనే. అయినా ప్రమాణం చేయాల్సింది అతనే.

లోపలికెళ్తే ఇరవై రంగాల్లో నైపుణ్యం. నమోదై ఎన్నేళ్లయిందో మాత్రం కనబడదు. వకీలు వృత్తి వ్యాపారం కాదని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు చెప్పింది. రీళ్లు మానుకోవాలని 2025 మార్చిలో బార్ కౌన్సిల్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక మీద కూడా రీలు చేయగల సమర్థులు వీరు.

నవ్వులాట ఇక్కడితో సరి. మిర్యాలగూడ మిల్లరు లారీ బియ్యం పంపి పుచ్చుకున్న చెక్కు బౌన్సయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. కొన్నవాడికి 15 రోజుల గడువు, ఆపైన నెలలోగా ఫిర్యాదు. నోటీసు గడువు జారిపోయి, చెక్కు చెల్లే మూడు నెలలూ గడిస్తే ఆ చెక్కు మీద 138 సెక్షన్ కింద బౌన్సు కేసు లేదు. గడువు మింగేసింది వకీలు, మునిగింది మిల్లరు. దీన్ని అనుభవం అనరు, దగా అంటారు.

కొన్నవాడు తమిళనాడులో ఉన్నా, మిల్లరు చెక్కు వేసుకున్న ఖాతా మిర్యాలగూడలో ఉంటే కేసు అక్కడే వేయవచ్చని 2015 సవరణ. చిన్న పరిశ్రమగా నమోదైన మిల్లుకు 45 రోజులకు మించి బాకీ పెడితే, బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం. మూడు లక్షలు, ఆపైన వాణిజ్య వివాదంలో అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఈ ఊళ్ల వాణిజ్య న్యాయం ఇదీ. విలీనాలంటే ఇక్కడ కలిసేవి వడ్లూ తేమా.

ఈ తేదీలు వేలి కొసల మీద ఉన్న వకీళ్లు ఇక్కడా ఉన్నారు. వారి బోర్డు మీద ఉండేది పేరు, చదువు. చట్టం అడిగిందీ అంతే.