క్లిక్కర్ల పెట్టె పద్యం: ‘సెల్లుసంజీవని’ అనే వ్యాఖ్యతో

మూలం

ఆ. ఎవరిదేది యనుచు నెఱిఁగి తీసికొనుము
నొక్కు మొక్కసారి నోరు మూసి
ఆరు తొమ్మిదైన నడుగున గీఁతయే
సాక్షి, పనియుఁ దీర సంచిఁ జేర్చు.

అవతారిక

ఈ పద్యం హైదరాబాదు శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, ఇనప బీరువా రెండో అరలో ఉండే నీలంరంగు ప్లాస్టిక్ పెట్టె మూతకి అతికించి ఉంది. పెట్టెలో 60 క్లిక్కర్లు ఉండాలి. క్లిక్కరంటే అరచేతిలో ఇమిడే ఓటు యంత్రం. ముందు ఏ, బి, సి, డి, ఈ అని ఐదు మీటలు, వెనక మూడు ట్రిపుల్ ఏ సెల్లులు. మాస్టారు తెరమీద ప్రశ్న వేస్తాడు, పిల్లలు మీట నొక్కుతారు, బల్లమీది రిసీవరు ఆ ఓట్లన్నీ పట్టుకుని ఎవరెటు మొగ్గారో పట్టీలు గీసి చూపిస్తుంది. 2014లో నాగార్జున నడిపిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’లో ఆడియన్స్ పోల్ గుర్తుందా అని అడిగితే చాలు, మా పిల్లలకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

కవి అజ్ఞాతుడు. దస్తూరి మాత్రం మా ల్యాబ్ అటెండరుది. “అన్నా, ఇది ఆటవెలది తెలుసా?” అని అడిగితే, “నాకు పద్యాలు ఏడొస్తయి సార్, ప్రింటర్ల ఇంకు లేకుంటే చేత్తోటి రాసిన, గంతే” అన్నాడు. గణాలు గుణించి చూశాను. ఎక్కడా తప్పలేదు. గొప్ప కవులందరూ మొదట బుకాయిస్తారు.

కాళిదాసు కావ్యాలకి ‘సంజీవని’ రాసిన కొలచల మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన పంతం. ఈ వ్యాఖ్యాతకి ఆ రెండు పంతాలూ లేవు.

ప్రతిపదార్థం

ఎవరిది + ఏది + అనుచున్ = ఏ క్లిక్కరు ఏ విద్యార్థిదో అని; ఎఱిఁగి = గోడమీది చార్టు చూసి తెలుసుకుని; తీసికొనుము = ఒక్కటంటే ఒక్కటే తీసుకో; నోరు మూసి = పక్కవాణ్ణి అడక్కుండా, పక్కవాడికి చెప్పకుండా; ఒక్కసారి = ఒకే ఒక్క మారు; నొక్కుము = మీట అదుము; ఆరు తొమ్మిది + ఐనన్ = ఆరు అంకె తలకిందులై తొమ్మిదిగా కనబడినా; అడుగున గీఁతయే = అంకె కింద గీసిన గీతే; సాక్షి = రుజువు; పనియున్ + తీరన్ = బెల్లు కొట్టగానే; సంచిన్ = గోడకి వేలాడే అరల సంచిలో; చేర్చు = పెట్టు.

తాత్పర్యం

నీది నువ్వు తీసుకో, వాడుకో, తిరిగి పెట్టు.

విశేషాలు

‘ఎవరిదేది’: కవి మొట్టమొదట ఈ ప్రశ్నే వేశాడంటే అనుభవశాలి. క్లిక్కర్లకి 1 నుంచి 60 దాకా నంబర్లు వేస్తే సరిపోతుందని కొనేటప్పుడు అందరం అనుకున్నాం. ఏ సెక్షనుకి సరిపోయింది. రోల్ నంబరు 01 వాడిది ఒకటో క్లిక్కరు, 60 వాడిది అరవయ్యోది. బి సెక్షను 61తో మొదలవుతుంది. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ల లెక్క తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పినా నమ్మరు. చివరి రెండు స్థానాలు 99 దాటాక వంద రాయడానికి చోటు చాలదు కనక ఏ0, ఏ1 అని పోతుంది. ఏ9 తర్వాత బి0. ఆ లెక్కన 61తో మొదలైన సెక్షనులో అరవయ్యోవాడు సి0. లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్ల వరస మళ్లీ వేరు.

మీటలమీద ఉన్నవీ ఏ, బి, సి, డి, ఈ అక్షరాలేనన్న సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. మొదటిరోజు బి3 అమ్మాయి బుద్ధిగా చెయ్యెత్తి, “సార్, నేను ముందు బి నొక్కాలా, 3 నొక్కాలా?” అని అడిగింది. మూడో మీటంటే సి అనుకుని ఆమె వెనకవాడు అప్పటికే సి నొక్కేశాడు. ఆ ప్రశ్నకి జవాబు సి కూడా. అర్థం తెలియకపోయినా శబ్దబలం చేత ఫలితం దక్కుతుందని పెద్దలు మంత్రాల గురించి అంటారు, క్లిక్కర్లకీ వర్తిస్తుంది.

పాఠాంతరాలు: మనం అతికించే నంబరు కాక, తయారైనచోటే ప్రతి క్లిక్కరుకీ ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. రిసీవరుకి తెలిసేది అదొక్కటే. ఆ సంఖ్య హెక్సాడెసిమల్‌లో ఉంటుంది: సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఆపైన ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. అంటే అందులో ‘ఓ’కి తావే లేదు. గుండ్రంగా కనబడిందల్లా సున్నే. ఈ సూత్రం తెలియక మొదటి జాబితా టైపు చేసినప్పుడు మూడుచోట్ల ఓ కొట్టాను. ఆ ముగ్గురూ సెమిస్టరు మొదటి నెలంతా నొక్కుతూనే ఉన్నారు, ఒక్క ఓటూ వాళ్ల పేరున పడలేదు. ఎనిమిదికీ బికీ మాత్రం ఈ సూత్రం పనిచెయ్యదు, రెండూ సాధువులే. తాళపత్రాల్లో వకార పకారాల దగ్గర ఆగి కళ్లు నులుముకునే పరిష్కర్తల కష్టం నాకు ఆ వారం తెలిసొచ్చింది.

ఛానెల్ సంగతి ఒక్క మాటలో: పై అంతస్తులో కెమిస్ట్రీ వాళ్ల సెట్టూ మా సెట్టూ ఒకే ఛానెల్ మీద ఉన్న రోజున, క్లాసులో 58 మంది ఉంటే ఓట్లు 69 పడ్డాయి. దొంగ ఓట్లని కేకలేశాక తెలిసింది, అవి నిజాయితీగా వేసిన బెంజీను ఓట్లని.

ఇక ఒకడిది మరొకడు నొక్కడం. దీన్ని మన కాలేజీల్లో ప్రాక్సీ అంటారు. రానివాడి క్లిక్కరు జేబులో వేసుకొచ్చి రెండు చేతులా నొక్కడమన్నమాట. ఇది మన పిల్లల సొంత విద్య అనుకోవద్దు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో 2014లో ఇదే పని బయటపడి 64 మంది మీద చర్యలకి దిగారు. ఆ క్లాసులో చెప్పే పాఠం నీతిశాస్త్రం, ఆటల్లో నీతి గురించి. దీనికి ఈ వ్యాఖ్యాత టీక చెయ్యడు.

‘నొక్కు మొక్కసారి నోరు మూసి’: యతి నొ, నో అక్షరాలకి. పద్యమంతటికీ గుండెకాయ ఈ పాదం. చేతులెత్తండి అంటే క్లాసులో ఏమవుతుందో బోర్డు దగ్గర నిలబడినవాడికి బాగా తెలుసు. అందరి కళ్లూ ముందు బెంచీ టాపరు చెయ్యి మీద ఉంటాయి. అది ఎటు లేస్తే అటు, అరక్షణం ఆలస్యంగా, చేతులన్నీ లేస్తాయి. క్లిక్కరుకి ఆ గొడవ లేదు. పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తున ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత అని అడిగాను. సగానికి పైగా ‘సున్నా’ నొక్కారు. వేగం సున్నా, త్వరణం కాదు. భూమి లాగడం ఆ క్షణంలో మానేస్తుందా? తప్పు పట్టీ అంత పొడుగ్గా లేచేసరికి, తప్పు చెప్పిన ప్రతివాడూ తనొక్కడే కాదని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. స్టిక్కరుమీది నంబరు అక్కడ ముసుగు. మార్కుల రిజిస్టరు దగ్గర అదే నంబరు మొహం.

‘ఒక్కసారి’ అన్న చోట ఒక పూర్వపక్షం ఉంది. హార్వర్డులో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతిలో ఓటు రెండుసార్లు. ముందు ఎవరికి వారు ఆలోచించి నొక్కాలి. సరైన జవాబు చెప్పినవాళ్లు 30 శాతానికీ 70 శాతానికీ మధ్య ఉంటే, పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ నొక్కాలి. మరి కవి ఒక్కసారే అన్నాడేం? ‘విడతకి’ అని అధ్యాహారం చేసుకుంటే విరోధం లేదు. నోరు మూసుకోవడమూ మొదటి విడతకే. రెండో విడతలో నోరు మూసుకుంటే పాఠం లేదు.

అసలు కవి బాధ వేరు. పిల్లలు లిఫ్టు మీట నొక్కినట్టు టకటకా నొక్కుతూనే ఉంటారు. పోలింగు మూసేలోగా చివరికి నొక్కిందే లెక్కలోకి వస్తుంది. మన ఎన్నికల ఈవీఎం అలా కాదు, ఒకసారి నొక్కి కూత వినబడితే అంతే, అధికారి కంట్రోల్ యూనిట్ మీద మళ్లీ మీట నొక్కి వదిలేదాకా రాయే. ఆ యంత్రాలు చేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదు ఈసీఐఎల్. కవికి ఆ వాసన తగిలి ఉంటుందని నా ఊహ.

‘మూసి’ తర్వాత ‘ఆరు’ అని అచ్చు రావడం విసంధి దోషమని ఛాందసులు అంటారు. నోరు మూసుకున్నవాడు సంధి ఎలా పలుకుతాడు?

‘ఆరు తొమ్మిదైన నడుగున గీఁతయే’: స్టిక్కరు తలకిందులుగా పట్టుకుంటే 06 కాస్తా 90 అవుతుంది. మనకి 90 లేదు కనక పట్టుబడుతుంది. 16 తిరగేస్తే 91, అదీ పట్టుబడుతుంది. నిలువుగీత ఒకటి వేస్తే 01, 10 ఒకదానికొకటి మారువేషాలు, ఇవి పట్టుబడవు. 69ని ఎటు తిప్పినా 69, 96ని ఎటు తిప్పినా 96. గీత అక్కర్లేని ఆ రెండే మా దగ్గర లేవు. తెలుగు అంకెలు వేస్తే ఈ బాధ ఉండదని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వేసి చూశాం. పిల్లలందరూ నోరు మూసుకున్నారు.

‘సాక్షి’: ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ సాక్షి ఒకసారి ఎదురు తిరిగింది. మొదట నంబర్లు మార్కరుతో రాశాం. 2021లో కాలేజీ తెరిచాక క్లాసుకొకసారి శానిటైజరు కొడితే వారంలో 60 క్లిక్కర్లూ తెల్లమొహం వేశాయి. చెరగని సిరా అని మార్కరుమీద రాసి ఉన్నా, ఆల్కహాలు కరిగించేస్తుంది. అప్పుడు స్టిక్కర్లు ప్రింటు తీసి పైన టేపు వేశాం. ఎక్కడ అతికించాలి? క్లిక్కరులో సెల్లుల మూతంత నున్నని, వెడల్పాటి చోటు ఇంకెక్కడా లేదు. అక్కడే అతికించాం.

ఒక శనివారం అటెండరన్న 180 సెల్లులు మార్చాడు. మూతలన్నీ ఊడదీసి పళ్లెంలో పోసి, కొత్త సెల్లులు వేసి, చేతికందిన మూత చేతికందిన క్లిక్కరుకి బిగించాడు. ఆయన తప్పు లేదు, మూతలన్నీ ఒకటే కొలత. రిసీవరు ఎరిగిన ఆత్మ చిప్పులో ఉండిపోయింది, మనం ఎరిగిన శరీరం మూతతో వెళ్లిపోయింది. విక్రమార్కుడి కథల్లో పరకాయప్రవేశం ఒకరికి ఒకరితో జరుగుతుంది. ఇక్కడ 60 మందికి ఒకేసారి జరిగింది.

సోమవారం క్విజ్‌లో టాపరుకి పదికి నాలుగు. ఆమె ఏడ్చింది, నేను కంగారుపడ్డాను. చివరి బెంచీలో ఒకడికి పదికి తొమ్మిది. వాడు ఏమీ అనలేదు. బుధవారం తలకి నూనె రాసుకుని రెండో బెంచీలోకి వచ్చి కూచున్నాడు. శుక్రవారం అసలు సంగతి తేలి జాబితా దిద్దాక పిలిచి చెబితే, “నాకు అనుమానమే సార్, కానీ మా నాన్నకి ఫోన్ చేసి చెప్పేసిన” అన్నాడు. వాడి నాన్నకి ఇప్పటికీ నేనేం చెప్పలేదు.

ఆ తర్వాత స్టిక్కరు మీటల కింద, ముందువైపుకి వచ్చింది. సెల్లుల గదిలోపల కూడా అదే నంబరు రాశాం. కొత్త సెల్లులేవో పాతవేవో తెలియడానికి ప్రతి కొత్త సెల్లు మీదా ఆకుపచ్చ నెయిల్ పాలిష్ చుక్క పెట్టాం. ఆ రంగు ఎవరూ వేసుకోరని ఎలక్ట్రానిక్స్ మేడమ్ దానం చేశారు.

ఈ ద్వైతం అసలు లేని మతమూ ఒకటుంది: ప్లికర్లు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో నమూనా అచ్చేసిన అట్టముక్క. నాలుగు వైపుల్లో ఏ వైపు పైకి పట్టుకుంటే అది జవాబు. మాస్టారు ఫోను కెమెరా తిప్పితే ఎవరు ఏమన్నారో తెలిసిపోతుంది. నంబరే యంత్రం, యంత్రమే నంబరు. శుద్ధ అద్వైతం, సెల్లులు కూడా అక్కర్లేదు. 2008లో నతానియెల్ లాస్రీ అనే ఫిజిక్స్ మాస్టారు ఉట్టి అట్టముక్కలు ఎత్తిన క్లాసునీ క్లిక్కర్ల క్లాసునీ పోల్చి చూస్తే నేర్చుకున్నదాంట్లో తేడా తేలలేదు. ఈ సంగతి మా పెద్దలకి బిల్లు పాసయ్యాకే చెప్పాను.

‘సంచిఁ జేర్చు’: చెప్పులు పెట్టుకోడానికి అమ్మే అరల సంచులు మూడు గోడకి తగిలించి, అరకో నంబరు కుట్టించాం. పెట్టెలో లెక్కపెట్టాలంటే ఐదు నిమిషాలు, ఈలోగా పిల్లలు క్యాంటీన్లో ఉంటారు. సంచి అయితే గుమ్మం దగ్గర నిలబడి చూస్తే చాలు, ఖాళీ అర ఊడిన పన్నులా కనబడుతుంది.

ద్వ్యర్థి విచారం: ఇంతవరకు వ్యాఖ్యాత పైపైనే తేలాడని ఒప్పుకోవాలి. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యం రామాయణమూ అవుతుంది, భారతమూ అవుతుంది. మన కవీ తక్కువవాడు కాదు. ‘నొక్కడం’ అంటే తెలుగునాట ఇంకో అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఇప్పుడు మళ్లీ చదవండి. ఎవరిదేది యనుచు నెఱిఁగి = ఎవరిది పోతే ఎవరూ అడగరో కనిపెట్టి; తీసికొనుము = తీసుకో; నొక్కుము = కాజెయ్యి; ఒక్కసారి = రోజుకి ఒకటే, ఆశపడకు; నోరు మూసి = స్పష్టం; ఆరు తొమ్మిదైనన్ = స్టాకు లెక్క తారుమారైనా; అడుగున గీఁత = రిజిస్టరులో చివరి సంతకం; సాక్షి = మన పక్షమే; సంచిఁ జేర్చు = సొంత సంచిలో వేసుకో.

ఈ రెండో అర్థం నాకు మార్చిలో స్ఫురించింది. సంచుల్లో 60 అరలూ నిండుగానే ఉన్నాయి, కానీ ఏడు క్లిక్కర్లు వెలగడం లేదు. మూతలు తీస్తే లోపల సెల్లులు లేవు. రిసీవరు లేని క్లిక్కరు ఇంట్లో సబ్బుపెట్టెకైనా పనికిరాదు గానీ, ట్రిపుల్ ఏ సెల్లు ఎక్కడైనా పనికొస్తుంది. హాస్టలు మీద అనుమానపడ్డాను. రెండో బెంచీకి వచ్చినవాడి మీద కూడా ఒక పూట అనుమానపడ్డాను, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఏసీ రిమోటు అందుకోబోతే చెయ్యి జారి కిందపడింది. వెనక మూత ఊడి సెల్లులు రెండూ నా చెప్పు దగ్గరికి దొర్లాయి. రెండింటి మీదా ఆకుపచ్చ చుక్క. తలెత్తి చూశాను. ఒకరు పేపర్లు దిద్దుతున్నారు, ఒకరు ఫోనులో ఉన్నారు, హెచ్‌ఓడీ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. సెల్లులు వేసి మూత బిగించాను. 25 ఉన్నదాన్ని 24 చేశాను. ఒక్కసారే నొక్కాను, నోరు మూసి.