బ్లోయర్ బాబాయి

భిలాయిలో ఏ సెక్టారుకి వెళ్ళినా ఒక జీపు బాబాయి ఉంటాడు. ఉక్కు ప్లాంటులో రిటైరై ఉంటాడు. ఆయన పుట్టిందో, ఆయన నాన్న పుట్టిందో శ్రీకాకుళం వైపు అయి ఉంటుంది. క్వార్టర్ ముందు వేపచెట్టు కింద టాపు లేని పాత మహీంద్రా జీపు ఉంటుంది. దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తూంటాయి. పండగపూట దణ్ణం పెట్టడానికి వెళ్ళిన పిల్లలు ఆ కాళ్ళకే పెట్టి వచ్చేస్తారు. ఎలాగూ దణ్ణం కాళ్ళకే కదా.

బాబాయిల్లో రకాలున్నాయి. గేర్‌బాక్సు బాబాయి ఎక్కువగా ఖుర్సీపార్ వైపు కనిపిస్తాడు. కార్బురేటర్ బాబాయి హుడ్కోలో ఉంటాడు, దగ్గరికెళితే పెట్రోలు వాసన. నేను చెప్పబోయేది వీళ్ళల్లోకెల్లా అరుదైనవాడి సంగతి. ఆయన హీటరు బాబాయి.

నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మే నెలలో 45 డిగ్రీలు తగిలే ఊరు ఇది. చలికాలమంటే డిసెంబరు, జనవరిల్లో తెల్లారగట్ల ఓ 10, 12 డిగ్రీలు. పొద్దెక్కేసరికి స్వెట్టరు విప్పి నడుముకి కట్టుకుంటారు. పైగా జీపుకి టాపు లేదు. పుట్టించిన వేడి పుట్టించినట్టు ఆకాశానికి పోతుంది. ఈ మాటే బాబాయితో అంటే "మరి మైన్‌పాట్ ఎల్తేనో?" అంటాడు. సర్గుజా కొండల్లో ఉన్న మైన్‌పాట్‌లో జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. 1960లలో టిబెటన్లని తీసుకొచ్చి స్థిరపరిచిన చోటు అది, చలి ఏపాటిదో ఊహించుకోండి. బాబాయి మైన్‌పాట్ ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళే ఉద్దేశం ఉన్నట్టు పిన్నికి కూడా తెలియదు. కానీ జీపు మాత్రం ఏ క్షణంలోనైనా మైన్‌పాట్‌కి సిద్ధంగా ఉండాలి.

ఈ పట్టుదలకి మూలం ఆయన చేసిన ఉద్యోగంలో ఉంది. ఆయన పనిచేసింది పవర్ అండ్ బ్లోయింగ్ స్టేషన్‌లో. చుట్టాలొస్తే అందరూ బ్లాస్ట్ ఫర్నేసు గురించే అడుగుతారు గాని, ఆ బ్లాస్టు ఎవరు ఊదుతున్నారని ఒక్కరూ అడగరు. ఆవిరి టర్బైన్లు తిప్పే బ్లోయర్లు గాలిని తోలాలి. ఆ గాలి స్టోవుల్లో వెయ్యి డిగ్రీల దాకా కాగాలి. ఫర్నేసు నడుముకి వడ్డాణంలా చుట్టిన గొట్టంలోకి వచ్చి, ట్వియర్లలోంచి లోపలికి దూసుకుపోవాలి. అప్పుడే కోకు మండి, ఖనిజం కరిగి, కింద ఇనుము దిగుతుంది. గాలి ఆగితే ఫర్నేసు ఆగినట్టే. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి ఫర్నేసు ప్రారంభించిన ఘట్టం ఎవరు ఎత్తినా బాబాయికి కడుపు మండుతుంది. "రాష్ట్రపతి వచ్చినాడు, రష్యావోళ్ళు వచ్చినారు. అందరూ ఇనుము సూసినారు. గాలి ఎవుడు సూసినాడు?"

అంత గాలి తోలిన చేతులతో బిగించిన హీటరులోంచి, పాదాల దగ్గర అగరొత్తి నుసి కూడా ఎగరలేదు. పిన్ని దృష్టిలో అది హీటరు పాడవడం. బాబాయి దృష్టిలో పరువు పోవడం.

జీపు ఎమ్ఎమ్ 540. ప్యూజో డీజిలింజను, 2112 సీసీ. హీటరు దానితో పుట్టింది కాదు. ఎవరి మారుతి 800లోదో, సుపేలా కబాడీలో దొరికితే డ్యాష్‌బోర్డు కింద బిగించుకున్నాడు. పద్ధతి చిన్నదే. ఇంజనులో కాగిన నీళ్ళని కొంత రబ్బరు పైపుల్లో మళ్ళించి, రేడియేటరుకి చెల్లెలు వరసయ్యే చిన్న కోరులోంచి తిప్పుతారు. దాని వెనక ఫ్యాను ఊదుతుంది. నీళ్ళు కాగితే, ఫ్యాను తిరిగితే వేడిగాలి రావలసిందే. బాబాయి దగ్గర నీళ్ళు కాగలేదు, ఫ్యాను తిరిగినా గాలి రాలేదు.

ముందు హీటరు డబ్బా విప్పాడు. గాలి పీల్చే నోట్లో ఎలక కాపరం పెట్టింది. వేపాకులు, వేరుశెనగ తొక్కలు, స్కూటర్ సీటులోంచి లాక్కొచ్చిన నురగ, వీటన్నిటికీ పరుపుగా చించిపోసిన ఎర్ర శుభలేఖ. "చి.ల.సౌ." అన్నంత వరకు చదవడానికి వీలుగా ఉంది. కోరు రెక్కల సందుల్లో దుమ్మూ నూనే కలిసి అట్టకట్టింది. పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్ళు పోసి కడిగాడు. కోరుకీ డబ్బాకీ మధ్య ఉండాల్సిన స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. అంటే ఫ్యాను ఊదిన గాలి కోరుని తాకకుండా పక్కనుంచి తప్పించుకుపోతోందన్నమాట. కొత్త స్పాంజి కోసం పిన్ని గిన్నెలు తోమే స్పాంజి మాయమైంది. తిరిగి రాలేదు.

అయినా గాలి ఉఫ్ అంటే ఉఫ్ అంతే. మీటరు పట్టుకొచ్చాడు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, బ్లోయరు దగ్గర తొమ్మిది. "మూడున్నర తోవలో తినీసినారు," అన్నాడు. తిన్నది ఎవరో కాదు, ముసలి స్విచ్చి, జుట్టంత సన్నటి వైరు, తుప్పు పట్టిన ఎర్తు. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లావుపాటి వైరు లాగాడు, మధ్యలో రిలే పెట్టాడు, ఎర్తు దగ్గర రంగు గీకి ఇనుము తేల్చాడు. ఇప్పుడు ఫ్యాను చేసిన చప్పుడుకి పక్క క్వార్టర్ కుక్క గేటు దాకా వచ్చింది. గాలి మాత్రం ముందుకన్నా తగ్గింది.

ఇక్కడ బాబాయి నిద్ర పోయింది. చివరికి సుపేలాలో ఆటో కరెంటు పని చేసే కుర్రాడు, మీసం ఇంకా పూర్తిగా రానివాడు, వంగి చూసి "అంకుల్, పంఖా ఉల్టా ఘూమ్ రహా హై" అన్నాడు. వైర్లు తారుమారయ్యాయి. మామూలు ఫ్యాను అయితే ఉల్టా తిరిగితే ఉల్టా ఊదుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. డబ్బాలో ఉండే ఈ చక్రపు ఫ్యాను అలాక్కాదు. ఎటు తిప్పినా ఆ నోట్లోంచే ఊదుతుంది, ఉల్టా అయితే నీరసంగా ఊదుతుంది. తప్పు చేసి కూడా మర్యాదగా కనిపించే యంత్రం. బాబాయి కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం సివిక్ సెంటర్లో చాయ్ తాగుతూ మాత్రం, "నేనే ఉల్టా పెట్టి టెస్టు సేసినానురా, రివర్సులో ఎంత లాసు వస్తాదో సూద్దారని" అని చెప్పాడు. పవర్ అండ్ బ్లోయింగ్ స్టేషన్లో పనిచేసినవాడు ఇంతకన్నా ఏం చెప్పగలడు?

గాలి వచ్చింది. చల్లగా వచ్చింది.

దీనికి కారణం బాబాయి కాదు, మన మెకానిక్కుల సంప్రదాయం. ఇంజను వేడెక్కుతోందని ఎవరు వెళ్ళినా, ముందు థర్మోస్టాట్ పీకి పారేస్తారు: "మన ఎండలకి ఇదెందుకు సార్?" అది లేకపోతే నీళ్ళు ఎప్పుడూ రేడియేటరు చుట్టూనే తిరుగుతాయి. చలిపొద్దున డీజిలింజను ఎంత దూరం నడిచినా ఒళ్ళు వెచ్చబడదు, ఇక హీటరుకి పంచేదేముంది? కొత్త థర్మోస్టాట్ వేశాక గాలి నిజంగానే వేడిగా వచ్చింది. క్వార్టర్ ముందు ఆపి ఉన్నప్పుడు. రోడ్డెక్కితే మళ్ళీ మెడ మీద చలి.

అప్పుడు బాబాయి బుర్ర పూర్తిగా ప్లాంటు బుర్ర అయిపోయింది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, చేతికి అగరొత్తుల కట్ట వెలిగించి ఇచ్చి, జీఈ రోడ్డు మీద పరిగెత్తించాడు. జీపు ముందుకి పోతూంటే పొగ వెనక్కి పోవాలి కదా? నేరుగా ముందుకొచ్చి బాబాయి చెవుల్లో దూరింది. అద్దం గాలిని పైకి తన్నేస్తుంది, అద్దం వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ నింపడానికి వెనక డాలా మీదుగా చల్లగాలి లోపలికొచ్చి మెడ పట్టుకుంటుంది. హీటరు కింద నుంచి ఎంత ఊదినా ఇది పైనుంచి ఊడ్చుకుపోతుంది. నేను ఈ భౌతికశాస్త్రం అర్థం చేసుకుంటూంటే, ఎదురొచ్చినవాళ్ళు మోటార్‌సైకిళ్ళు ఆపి చేతులు జోడిస్తున్నారు. మేము తీసుకెళ్తున్నది దేవుణ్ణో శవాన్నో తేల్చుకోలేకపోయారనుకుంటాను.

పవర్‌హౌస్ మార్కెట్లో తార్పాలిన్ కొని ముందు సీట్ల వెనక తెర కుట్టించాడు. దెబ్బకి కుదిరింది. ముందు ఇద్దరికీ ఉగాది, వెనక కూర్చున్నవాళ్ళకి మైన్‌పాట్. ఇదంతా అయ్యేసరికి శివరాత్రి వెళ్ళింది, చలి శివశివా అంటూ పోయింది. బాబాయి పట్టించుకోలేదు. మార్చిలో కూడా తెల్లారగట్ల మంకీ క్యాప్ పెట్టుకుని హీటరు వేసుకుని మరోడా దాకా వెళ్ళి వచ్చేవాడు. క్యాప్ ఎందుకంటే, "సలి లేకపోతే హీటరు ఎలా తెలుస్తాదిరా?"

మే నెలలో సాలూరులో పెళ్ళి. అందరూ రైలన్నారు, బాబాయి జీపన్నాడు. కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాటీ, పన్నెండు మలుపులు, బారా భాఁవర్ అంటారు. నిలువునా ఎక్కుడు, నడినెత్తిన ఎండ, జీపు నిండా చుట్టాలూ స్వీటు డబ్బాలూ. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరిగింది. ఇలాంటప్పుడు ఇంజను వేడి తగ్గించడానికి దారిలో ఉన్న ఒక ఉపాయం హీటరు ఫుల్లుగా పెట్టడం. ఇంజను నీళ్ళలో వేడి కొంత జీపులోకి దిగుతుంది. ఇది బాబాయి కనిపెట్టింది కాదు, ఘాట్ డ్రైవర్లకి తెలిసిందే. కానీ స్విచ్చి నొక్కినప్పుడు ఆ మొహంలో వెలుగు నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. పిన్ని పట్టుచీర కుచ్చెళ్ళు గాలికి బుస్సుమని లేచాయి. "సూసినావా గాలి! పెట్టు, సెయ్యి పెట్టి సూడు!"

"డిసెంబర్లో ఎక్కడికి పోయిందండీ ఈ గాలి?" అంది పిన్ని, చెమట తుడుచుకోవడం కూడా మానేసి.

ముల్లు దిగింది. తేలిన్ సతి గుడి దగ్గర ఆపితే, కొబ్బరికాయ కొట్టడానికి ఆగిన లారీ డ్రైవర్లని ఒక్కొక్కరినే పిలిచి బాబాయి ఆ గొట్టం దగ్గర చెయ్యి పెట్టించాడు. "మఈ మేఁ హీటర్?" అన్నాడొకడు, గుడి వైపు తిరిగి ఇంకోసారి దణ్ణం పెట్టుకుంటూ.

పెళ్ళయ్యాక పిన్నీ చుట్టాలూ విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కేశారు. బాబాయి ఒక్కడే జీపులో వచ్చాడు. వడదెబ్బ తగిలి మంచం మీదున్న మనిషిని చూడ్డానికి వెళ్ళి, ఎలాగూ డ్యాష్‌బోర్డు అంతా విప్పారు కదా, ఈసారి ఏసీ పెట్టించుకోకూడదా అన్నాను.

బాబాయి గ్లూకోజు గ్లాసు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "టాపు లేని జీపుకి ఏసీయేటిరా? నీకేటైనా పిచ్చా?"